స్క్రూడ్రైవర్ చెవిన పెట్టిన అమ్మాయి

"ఆ మైకులు పక్కనబెట్టి, జర ఇంజిన్ ఏం చెప్తుందో విను."

శ్రావణి నాతో అన్న మొదటి మాట అదే. నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఆ గొంతు అలాగే వినిపిస్తుంది.

కోకాపేటలో మా ఆఫీసు. కింది అంతస్తులో ఇంజిన్ టెస్ట్ రూమ్. కొత్త కారు ఇంజిన్ స్పీడు కాస్త పెరగగానే జుయ్యిమని ఒక మోత. అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి పోగొట్టడమే మా ఉద్యోగం. నేను పన్నెండు సెన్సార్ మైకులు అతికించి, రెండు వారాలుగా గ్రాఫులు చూస్తున్నాను. తను టీమ్‌లో చేరి నాలుగు రోజులే. బ్యాగులోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవిన పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నేను గ్రాఫులు మానేసి ఆ రెప్పలనే చూస్తూ ఉండిపోయాను.

"ఆల్టర్నేటర్ బ్రాకెట్ వణుకుతుంది."

"ఇదేమైనా మెకానిక్ షెడ్డా?" అని నవ్వాను.

"మా నాయినది షెడ్డే. ఖాజాగూడల. ఏంది, తక్కువా?"

ఆల్టర్నేటర్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే ఆ బ్రాకెట్‌కి చిన్న సపోర్ట్ వేశాం. మోత మాయం. ఆ సాయంత్రం వాన. బస్టాపులో ఒకే గొడుగు కింద నిలబడి, పోయే ప్రతి బండి రోగం ఏమిటో నాకు చెప్పింది. తన బస్సు రాకపోతే బాగుండుననుకున్నాను.

తర్వాతి వారమే తప్పు చేశాను. "ఎలా పట్టుకున్నారు?" అని క్లయింట్ అడిగితే, స్క్రూడ్రైవర్ అని చెప్పడానికి నామోషీ అనిపించి, "నా డేటా అనాలిసిస్" అన్నాను. రిపోర్టులో నా పేరొక్కటే పెట్టాను. శ్రావణి ఆ రిపోర్టు చూసింది. నన్ను బ్లాక్ చేసి, పుణెలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది.

ఇక నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గేస్తుంది. నెలకోసారి నా పాత కారు తీసుకుని వాళ్ల నాన్న రాజేందర్ గారి షెడ్డుకి వెళ్లేవాణ్ణి.

"మళ్ల మోతేనా సార్?"

"అవునంకుల్."

ఐదు నిమిషాల్లో బాగుచేసి చాయ్ తెప్పించేవారు. "శ్రావణి ఎలా ఉంది?" అని మాటల మధ్యలో అడిగేవాణ్ణి. "మంచిగుంది" అనేవారు. ఆ ఒక్క ముక్కతో నెలంతా గడిపేవాణ్ణి.

మొన్న శనివారం ముసురు. షెడ్డు ముందు కారాపాను. పుణె నుంచి ఎప్పుడొచ్చిందో, బానెట్ ఎత్తింది శ్రావణి!

పలకరింపు లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి వింది. తర్వాత టార్చి వేసి చూసింది.

"సైలెన్సర్ మీది రేకు బోల్టు. దానంతటదే లూజ్ కాలే, నితీష్. ఎవరో ఇప్పిండ్రు."

"నేనే."

"ఎన్నిసార్లు?"

"నెలనెలా."

"పిచ్చా?"

"నువ్వెలా ఉన్నావో తెలుసుకోడానికి ఇంకో దారి దొరకలేదు. ఆ రోజు అబద్ధం చెప్పాను శ్రావణీ. నువ్వెళ్లిన వారానికే రిపోర్టు మార్చి పంపాను. నీకు చెప్దామంటే బ్లాక్ చేశావు."

ఫోన్ అందించాను. మొదటి పేజీలోనే ఉంది: 'మోత కనిపెట్టింది: శ్రావణి. సాధనం: స్క్రూడ్రైవర్.' తను రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంటే చెంపకి గ్రీజు అంటింది.

వెనక నుంచి చాయ్ కప్పులతో రాజేందర్ గారు వచ్చారు. "బోల్టు సంగతి నాకు మొదటి నెలనే ఎర్కైంది."

"మరి నాకు చెప్పలేదేంది నాయినా?"

"ఈయన పేరు తీస్తే ఫోన్ పెట్టేస్తివి. నాలుగేండ్లల్ల ఒక్క నెల తప్పలే బిడ్డా." ఆయన నా వైపు తిరిగారు. మొదటిసారి సార్ అనలేదు. "ఇగ బోల్టులు ఇప్పేది బంద్ చెయ్యి. ఆదివారం మీ అమ్మానాయినను తోల్కొని రా."

నేను శ్రావణి వైపు చూశాను. నవ్వు ఆపుకుంటూ చెయ్యి చాపింది.

"ముందుగాల ఆ స్పానర్ ఇటియ్యి."

జేబులోంచి తీసి ఇచ్చాను. బోల్టు తనే బిగించింది.