పన్నెండు దాటినా వెళ్ళని ఫెలీసా

“రొట్టెలు కాలాయా?” టోపీలో దాచిన స్పీకర్ గుసగుసలాడింది.

“మాడాయి,” అన్నాడు ఏజెంట్ ఫ్రొయిలాన్. కోడ్ సరిపోయింది.

“విను. కొండమీద ఆనకట్ట గేట్లు తెరిచే రహస్య నంబరు, ఆరంకెలు. అది రిటైరైన ఇంజనీరు దోన్ సబాస్ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. విదేశీ ముఠా చేతికి చిక్కిందా, మన లాపాజ్ నగరం సగం కొట్టుకుపోతుంది. ఆ ముఠా నడిపే వీఆర్ కళ్ళజోళ్ళ కంపెనీలో మన మనిషి యెసెనియా ఉంది. సాయం చేస్తుంది,” అంది మేజర్ బెనీతా.

నవంబరు రెండు, చనిపోయినవాళ్ళ పండగ. నిన్న మధ్యాహ్నం ఇళ్ళకొచ్చిన చనిపోయినవాళ్ళు ఇవాళ మిట్టమధ్యాహ్నం పన్నెండు కొట్టగానే వెళ్ళిపోతారు. వాళ్ళ పేరున ఇంటింటా ప్రార్థన చదివి రొట్టె పుచ్చుకునేవాడి వేషం ఫ్రొయిలాన్‌ది. భుజాన సంచీ, చేతిలో గంట.

ఏ గుమ్మం తొక్కినా అదే రోత. పెద్దలకు పెట్టిన పళ్ళేల మీద ఈగలు. సోఫాల్లో వీఆర్ కళ్ళజోళ్ళు తగిలించుకుని, చొంగ కార్చుకుంటూ గాలిని కౌగిలించుకుంటున్న మనుషులు. ఇంట్లోని పాత వీడియోలు పట్టుకెళ్ళి కంపెనీవాళ్ళు చచ్చినవాళ్ళ బొమ్మలు చేసిచ్చారు. ఒకావిడకి పోయిన కొడుకు బొమ్మ మాటల మధ్యలో సబ్బు అమ్ముతోంది. ఆవిడ తలూపుతోంది!

దోన్ సబాస్ ఇంటి తలుపు తీసింది యెసెనియా. ఎర్రకోటు, మత్తెక్కించే నవ్వు.

“రా అన్నయ్యా,” అంటూనే అతని డొక్కలో పిస్టల్ ఆనించింది. “ఏమనుకోకు. మీ ఆఫీసు కాఫీ తాగలేక పార్టీ మారా.”

లోపల ముసలాయన కళ్ళజోడులో మునిగిపోయి ఉన్నాడు.

“నీకు మతిమరుపొచ్చిందట కదా? ఏదీ, ఆనకట్ట నంబరు చెప్పు చూద్దాం,” కళ్ళజోడులోంచి చనిపోయిన భార్య ఫెలీసా గొంతు గారాలు పోయింది.

“ఎవరికే మతిమరుపు? నాలుగు, ఏడు, ఒకటి, తొమ్మిది...”

గోడ గడియారంలో పన్నెండుకి నిమిషం తక్కువ. కళ్ళజోడులో మాత్రం ఎప్పుడూ పొద్దున్నే.

“చచ్చేముందు ఒక్క ప్రార్థన చదువుకోనీ చెల్లెమ్మా,” అన్నాడు ఫ్రొయిలాన్.

యెసెనియా బయటిదేశంలో పెరిగిన పిల్ల, ఈ ప్రార్థన దేనికో తెలియదు. “చదువుకో, వేషానికి న్యాయం చెయ్యి,” అంది వెటకారంగా.

అతను గంట గణగణ మోగించి గొంతెత్తాడు. “ఫెలీసా తల్లీ, తిన్నావు, తాగావు, పన్నెండైంది. ఇక చల్లగా వెళ్ళిరా!”

దోన్ సబాస్ ఉలిక్కిపడ్డాడు. “పన్నెండైందా? పదవే, అందరూ వెళ్ళిపోతుంటారు. ఒక్కదానివే వెనకబడిపోతావు.”

“నేను వెళ్ళను. ఇంకా రెండంకెలు చెప్పు.”

ముసలాయన మొహం జేవురించింది. కళ్ళజోడు పీకి, ఫెలీసా కోసం పెట్టిన చిచా కల్లు కుండలో పడేశాడు. “నలభై ఏళ్ళ కాపురంలో నా పెళ్ళాం టైము తప్పింది లేదు. ఎవత్తివే నువ్వు?”

యెసెనియా చూపు అటు తిరిగింది. అంతే, రొట్టెల సంచీ గిర్రున తిరిగి ఆమె మణికట్టు మీద పడింది. రొట్టెలు ఎండిపోయి ఇటుకల్లా ఉన్నాయేమో, పిస్టల్ ఎగిరి మంచం కింద పడింది. ఆమె చేతులు గంట తాడుతోనే కట్టేసి, “మేజర్, పొయ్యి ఆర్పేశాం,” అన్నాడు టోపీలోకి.

దోన్ సబాస్ ఫెలీసాకి పెట్టిన, ఎవరూ ముట్టని పళ్ళెం ముందు కూలబడ్డాడు.

“నిన్నట్నుంచీ ఆ దరిద్రంతోనే మాట్లాడా బాబూ. నిజం ఫెలీసా వచ్చి ఈ కుర్చీలోనే కూర్చుందేమో. నేనొక్కసారి కూడా పలకరించలేదు.”

ఫ్రొయిలాన్ తనకు రావాల్సిన రొట్టె అందుకున్నాడు.

“వచ్చే ఏడాది మళ్ళీ వస్తుందిగా పెద్దాయనా. రెండేళ్ళ తిట్లు ఒకేసారి తిందురుగాని.”