అచియెంగ్ చెట్టు కింద పచ్చ చీర

మయామీ దగ్గర ఆ వీధిలో మనవాళ్లెవరూ చీకటి పడ్డాక అచియెంగ్ ఇంటి చెట్టు పక్కగా నడవరు. కొమ్మల్లోంచి తాళ్లలాంటి కాడలు దిగుతాయి, ఒక్కో కాడకీ సొరకాయంత కాయ... ఉరేసినట్టు. రక్తం రంగు పూలు రాత్రిపూటే విచ్చుకుంటాయట. గబ్బిలాలు సరేసరి! నేను చూడలేదు బాబూ, విన్నది చెబుతున్నా.

పద్మనాభం గారు కూతురి పురిటికని ముందే దిగారు. భానుశ్రీకి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. అందుకే ఆయనకి ఆకు కదిలినా అనుమానమే.

పక్కింటి అచియెంగ్‌ది కెన్యా. "ఇది మా దేశం చెట్టే. కాయ నూరి పుండ్లకి రాస్తాం, సుడిగాలి రాకుండా ఇంటి దగ్గర కడతాం" అని ఆవిడ చెబితే పైకి నవ్వి ఊరుకున్నారు. మందో, మంత్రమో... ఎవరికి తెలుసు?

ఓ సాయంత్రం మసక చీకట్లో చూశారు— అచియెంగ్ చెట్టు కింద గొయ్యి తవ్వుతోంది. పక్కన ఓ మూట... చంటిబిడ్డంత. గోతిలో పెట్టి, మట్టి కప్పి, ఏదో గొణుక్కుంటూ లోపలికి పోయింది.

ఈయన ఆగగలరా? కంచె దాటి, చేతులతోనే మట్టి తోడారు. గుడ్డ తగిలింది. ఫోన్ లైట్ వేస్తే— పచ్చ చీర! భానుశ్రీకి తను కొన్నదే.

"చేతబడి... నా బిడ్డకి చేతబడి!" మూట పైకి లాగారు. రాయంత బరువు. ముడి విప్పబోతుంటే వెనక అడుగుల చప్పుడు.

"నాన్నా... విప్పకు."

భానుశ్రీ. పక్కనే అచియెంగ్, కళ్లు వాచిపోయి.

"వాళ్ల తమ్ముడు చేపలవేటకి వెళ్లి మునిగిపోయాడు నాన్నా. శవం దొరకలేదు. అలాంటప్పుడు వాళ్లలో మనిషికి బదులు ఈ చెట్టు కాయని పాతిపెడతారట. చుట్టడానికి చీర నేనే ఇచ్చా. కడుపుతో ఉన్నదానివి చావుకి బట్టలిస్తావా అని తిడతావని చెప్పలేదు."

పద్మనాభం గారు ముడి మీంచి చేతులు తీసేశారు. "మనం దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తామే... అలాగా?"

"అలాగే."

"తమ్ముడి పేరేంటమ్మా?"

"ఒటియెనో" అంది అచియెంగ్ గుసగుసగా.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని మూటని మెల్లగా గోతిలో దించారు. రెండు చేతులతో మట్టి సర్దారు.

"నిద్ర లేపాను ఒటియెనో... తప్పయిపోయింది. పడుకో నాయనా."