నక్షత్రం మింగిన మాట

కంప్యూటర్ ల్యాబ్‌లో నవదీప్ మౌస్ వదలడం లేదు. అతనికి చెరోపక్క వెస్లీ, రోజా కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ముగ్గురిదీ ఏడో తరగతే.

వాళ్ల తెలుగు టీచర్ ఝాన్సీకి రాయికోడ్‌కు బదిలీ అయింది. రేపే వీడ్కోలు సభ. టీచర్‌కు పిల్లలు చెప్పాలనుకున్న మాటలను నవదీప్ స్కూలు ట్యాబ్‌లో రికార్డు చేశాడు. ఇప్పుడు ఆ క్లిప్పులన్నీ కలిపి ఒక వీడియో చేస్తున్నాడు.

ఒక క్లిప్పు నుంచి ఇంకో క్లిప్పుకు మారేచోట పెట్టే హంగును ట్రాన్సిషన్ అంటారు. వాటిలో గిరగిరా తిరిగే నక్షత్రం నవదీప్‌కు తెగ నచ్చేసింది. ఇంకేం, ప్రతి క్లిప్పు చివరా అదే పెట్టేశాడు. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు కూడా తన ముందు బలాదూర్ అనుకున్నాడు.

వీడియో మొదలైంది. నందిని మాట్లాడింది, నక్షత్రం తిరిగింది. హరికృష్ణ మాట్లాడాడు, మళ్లీ నక్షత్రం. భలే ఉందని వెస్లీ మెచ్చుకున్నాడు.

తర్వాత రోజా వచ్చింది. రోజాకు మాట తడబడుతుంది, చెప్పడానికి కొంచెం సమయం పడుతుంది.

"టీచర్... మీరు నన్ను... ఎప్పుడు..."

అంతే. నక్షత్రం గిర్రున తిరిగింది. ఇంకో పిల్లాడు వచ్చి చేయి ఊపాడు.

రోజా ముఖం చిన్నబోయింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఎన్నోసార్లు పలికి చూసుకుని వచ్చింది పాపం.

"నా మాట... ఏడ వోయింది?" అని అడిగింది.

నవదీప్ గబుక్కున వీడియో ఆపాడు. కంప్యూటర్ సార్ క్రాంతి కుమార్‌ను పిలిచాడు. ట్రాన్సిషన్ కోసం ముందు క్లిప్పు చివర కొంత, తర్వాతి క్లిప్పు మొదట్లో కొంత పోతుందని సార్ చూపించారు.

"మిగతా పిల్లలు మాట అయినంక జర సేపు నవ్వుకుంట నిలబడ్డరు. నక్షత్రం ఆ నవ్వు మీద తిరిగింది. ఈ బిడ్డ క్లిప్పు చివర్ల జాగనే లేదు. గింత జల్ది ఎవరు ఆపిన్రు?"

ఆపింది నవదీపే. ఆరోజు ఆటల పీరియడ్ అయిపోతోందని, రోజా చివరి మాట నోట్లో ఉండగానే బటన్ నొక్కేసి గ్రౌండ్‌కు పరుగెత్తాడు. అది గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు.

నక్షత్రం తీసేస్తే చాలన్నాడు వెస్లీ. తీసి చూశారు. అయినా చివరి మాట సగమే ఉంది.

"రోజా, మళ్ల చెప్తవా? ఈసారి నేను ఆపను" అన్నాడు నవదీప్.

బడి వదిలాక ఖాళీ క్లాసులో రోజా మళ్లీ మొదలుపెట్టింది. ఇంటికెళ్లే ఆటో వచ్చిందని వెస్లీ తలుపు దగ్గర్నుంచి సైగ చేశాడు. నవదీప్ కదల్లేదు. ట్యాబ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"టీచర్... మీరు నన్ను... ఎప్పుడు... తొందర వెట్టలే."

ఆ మాటను నవదీప్ పూర్తిగా వినడం అదే మొదటిసారి. అయినా అతను బటన్ నొక్కలేదు.

ఇంకా ఏం చెప్పాలో తెలియక రోజా అటూ ఇటూ చూసింది. తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా పూర్తయ్యాకే నవదీప్ రికార్డింగ్ ఆపాడు.