దున్నిన నేలలో ఉత్తి పాదాలు

శవం కాలువలో బోర్లా తేలుతోంది.

చింగోండా గ్రామపెద్ద మసౌత్సో బండా. అరవై దాటిన మనిషి. తల వెనక చీలిన గాయం. పక్కనే చెరకు కంపెనీ పంపు.

"దొంగతనానికి వచ్చాడు," అన్నాడు ఫామ్ మేనేజర్ వెస్సెల్స్. "డీజిల్ కోసం. కాలు జారింది, తల గట్టుకి కొట్టుకుంది. రిపోర్టు రాసెయ్యండి ఇన్‌స్పెక్టర్. పదింటికి బ్యాంకు వాళ్లొస్తున్నారు."

ఇన్‌స్పెక్టర్ ఎస్నాత్ కచింగ్వే సిమెంటు గట్టు పొడుగునా నడిచి చూసింది. నెత్తురు చుక్క లేదు.

"డీజిల్‌కి వచ్చినవాడు డబ్బా తెచ్చుకోడా?"

వెస్సెల్స్ వాచీ చూసుకున్నాడు.

ఆ బ్యాంకు సంగతి సరస్సు ఒడ్డు ఊళ్లన్నిటికీ తెలుసు. ఐరోపాలో ఏదో సర్కారు బ్యాంకు. అక్కడి జనం కట్టిన పన్నుల సొమ్ము. ఆఫ్రికా రైతు కడుపు నింపుతామని కంపెనీకి అప్పిచ్చింది. మొదటి విడతతో కంపెనీ కాలువ తవ్వింది. మొక్కజొన్న వేసుకునే నలభై కుటుంబాలను అవతలికి తోసింది. ఇప్పుడు వాళ్లు తమ నేలలోనే చెరకు నరికే కూలీలు. అన్నం పెడతామని వచ్చి కంచం లాక్కోవడమంటే ఇదే. తలుచుకుంటేనే రోత పుడుతుంది.

రెండో విడతకి ఒక మెలిక ఉంది. కాలువ పక్క నేల ఖాళీ బీడని తేలాలి. సమాధులు ఉన్నాయంటే అది ఊరి నేల. అప్పు ఆగుతుంది, నేల ఊరికి తిరిగొస్తుంది. ఈ సంగతిలో గ్రామపెద్ద మాటే చెల్లుతుంది.

"బ్యాంకు దొరసానిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సమాధుల చోటు చూపిస్తా," అని నిన్ననే ఊరందరి ముందూ చెప్పాడు మసౌత్సో. తెల్లారేసరికి ఇదుగో, కాలువలో ఉన్నాడు.

"మేడమ్, ఇటు రండి!" కానిస్టేబుల్ చికొండి కేక వేశాడు.

రోడ్డు అంచున మట్టిలో నల్లటి మరక. అక్కణ్ణుంచి కాలువ వైపు, దున్నిన నేలలో రబ్బరు బూట్ల గుర్తులు. లోతుగా దిగాయి.

"ఒక్కడే. బరువు మోశాడు," అంది ఎస్నాత్. "బూట్లు ఎవరివి?"

"కంపెనీవి మేడమ్. అందరికీ అవే ఇస్తారు. రెండొందల మందికి రెండొందల జతలు. ఎవడివని పట్టుకుంటాం?"

గుర్తుల వెంట నడిచింది. చేను మధ్యలో ఆగిపోయింది. బూట్ల జాడ అక్కడితో సరి. ముందుకు ఉత్తి పాదాల గుర్తులు. కొంత దూరం పోయాక మళ్లీ బూట్లు.

"బురద అంటుకుని విప్పేసి ఉంటాడు," అన్నాడు చికొండి.

"బురద అంతటా ఒకటే. శవాన్ని దించి, బూట్లు విప్పి, మళ్లీ శవాన్ని ఎత్తుకున్నాడు. ఇక్కడే ఎందుకు?"

చుట్టూ చూసింది. చెట్టు లేదు, రాయి లేదు. మూడు వారాల కింద ట్రాక్టర్లు చదును చేసి దున్నిన నేల. ఆ పాదాల గుర్తులకు ప్లాస్టర్ అచ్చు తీయించింది.

తర్వాత ఏడుపులు వినబడుతున్న ఇంటికి వెళ్లింది. మసౌత్సో చెల్లెలు నాబండా చాప మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా వాచాయి.

"మా అన్నని ఎక్కడ పూడ్చాలి, అమ్మాయ్?" అని ఆమే అడిగింది. "మా అమ్మ పక్కన పూడ్చమనేవాడు. అక్కడ చెరకు వేస్తారంట."

"ఇప్పుడు పెద్దరికం ఎవరికి?"

"మాలో మేనల్లుడికేగా. నా కొడుకు లింబికానికి. కంపెనీలోనే పని. ఊరికీ కంపెనీకీ మధ్య మాటలు మోస్తాడు."

ఎస్నాత్ ఆమె చెవిలో ఇంకొక్క ప్రశ్న అడిగింది. జవాబు విని లేచింది.

పదింటికి చేను అంచున అందరూ చేరారు. బ్యాంకు ఆఫీసరు హెన్రియెట్ కారు దిగి సంగతి విన్నది.

"చాలా బాధాకరం. అయితే మన కార్యక్రమం మారదు కదా?"

"ఏమీ మారదు," అన్నాడు వెస్సెల్స్. "కొత్త పెద్దగారే చెబుతారు."

లింబికాని ముందుకు వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కంపెనీ చొక్కా, కంపెనీ బూట్లు.

"ఇక్కడ సమాధుల్లేవు మేడమ్. మామకి వయసొచ్చి మతి పోయింది."

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. "ఒరే, నీ నోట్లో మన్ను పడ!" అని ఎవరో తిట్టారు.

"ఆగండమ్మా," అంది ఎస్నాత్. "ఖాళీ బీడేనంటున్నాడుగా. లింబికానీ, అలా నడుచుకుంటూ కాలువ దాకా వెళ్లిరా."

"ఎందుకు?"

"నడవడానికి కూడా కారణం కావాలా?"

లింబికాని నడిచాడు. చేను మధ్య దాకా పోయి నిలబడిపోయాడు.

"ఆగావేం?"

లింబికాని తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఏమిటీ నాటకం!" వెస్సెల్స్ విసుక్కుంటూ అతన్ని దాటి, బూట్లతో చకచకా అవతలికి నడిచాడు. నాబండా కళ్లు మూసుకుంది.

"చూశావా? ఆయనకి ఏమీ కాలేదు," అంది ఎస్నాత్. "నువ్వూ వెళ్లు. మీ అమ్మ చూస్తోంది. బూట్లతోనే తొక్కుకుంటూ వెళ్లు. లేదా బూట్లు విప్పి వెళ్లు. నీ ఇష్టం."

లింబికాని మొహం బూడిదరంగుకి తిరిగింది.

"ఈ ఊళ్లో శ్మశానంలోకి చెప్పులతో పోరట. నాబండా చెప్పింది. రాత్రి శవాన్ని మోసినవాడు సరిగ్గా నువ్వు నిలబడ్డ చోట బూట్లు విప్పాడు. ఆనవాలు లేని శ్మశానం హద్దు అతని కాళ్లకి తెలుసు. అంటే ఊరివాడు. కంపెనీ బూట్లు వేసుకునే ఊరివాడు. బూటు కంపెనీది లింబికానీ, పాదం నీది. అచ్చు తీయించాను. పెట్టి చూద్దామా?"

అతను కూలబడ్డాడు.

"మాట్లాడొద్దని బతిమాలాను. వినలేదు మామ. పారకర్ర చేతిలో ఉంది..."

"నేను చంపమనలేదు!" వెస్సెల్స్ అరిచాడు.

"ఏమన్నారు మరి?"

"ముసలాడి నోరు మూయించమన్నాను. అంతే!"

"ఆ అంతే ఏమిటో స్టేషన్‌కి వచ్చి చెబుదురుగాని."

హెన్రియెట్ గొంతు సవరించుకుంది. "ఈ కాస్త మేరకి కంచె వేసి వదిలేస్తే, మిగతా నేలకి..."

ఎస్నాత్ ఆవిడ వైపు అసహ్యంగా చూసింది. ఛీ! మనిషి చచ్చి కాలువలో తేలితే, ఈవిడ నేల కొలుస్తోంది.

"కంచె లోపల మా చచ్చినవాళ్లుంటారు," అంది నాబండా. "బతికున్నవాళ్లం ఎక్కడుండాలి దొరసానీ?"

హెన్రియెట్ తల దించుకుని కారు దగ్గరికి వెళ్లింది. రెండో విడత ఆపుతున్నామని ఫోన్లో చెప్పింది. ఎన్నాళ్లో చెప్పలేదు.

చికొండి బేడీలు వేశాడు. లింబికాని తల్లి కాళ్ల వైపు జరిగాడు.

"అమ్మా, నేను తొక్కలేదమ్మా. బూట్లు విప్పే పోయాను. అమ్మమ్మని తొక్కలేదు."

నాబండా కాళ్లు వెనక్కి లాక్కుంది.

"మామని అమ్మమ్మ దాకా మోసుకొచ్చావు. ఆమె పక్కనైనా వదిలెయ్యబుద్ధి కాలేదా, కాలువలో పడేశావా?"

తర్వాత ఎస్నాత్ వైపు తిరిగింది.

"తీసుకుపో అమ్మాయ్. వీడు పోయిననాడు నాకు కబురు పెట్టొద్దు. ఇక్కడ వీడికి చోటు లేదు."

పారలు పట్టుకున్న మగవాళ్లను పిలిచి, తల్లి పక్కన ఎక్కడ తవ్వాలో చూపించింది.