జ్వరం వస్తేనే ఫోన్

"పెద్దావిడ నోట్లోంచి ఐసు తీయించింది ఎవరు?"

కీమో వార్డులో ఆ నర్సు నాతో అన్న మొదటి మాట అదే. చేతిలో ఐసు ముక్కల గిన్నె, కళ్లలో నిప్పులు.

"నేనేనండీ. అమ్మకి పళ్లు జివ్వుమంటున్నాయంటే..."

"ఈ మందుకి నోరు పూస్తుంది. ఐసు చప్పరిస్తే రక్తనాళాలు ముడుచుకుని మందు నోటికి తక్కువ చేరుతుంది. పుండ్లు పడ్డాక మందు రాయడం కాదు, పడకుండా చూడటం మా పని."

నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. పదేళ్లుగా చల్లదనంతోనే కాపురం చేస్తున్నాను, దానికి ఈ విద్య కూడా ఉందని తెలీదు. ఎంతసేపు చప్పరించాలి, అంతసేపు ఎందుకు అని అడిగాను. విసుక్కోకుండా చెప్పింది. అక్కడే నా కొంప మునిగింది.

వార్డంతా ఆమెను సిస్టర్ అంటుంది. నాకు మాత్రం ఆ పిలుపు నోట రాలేదు.

ఇంటికి పంపేటప్పుడు జ్వరం రాసే పుస్తకం, ఫోన్ నంబరు ఇచ్చింది. "రోజుకి రెండుసార్లు చూడండి. 100.4 వస్తే వెంటనే ఫోన్ చెయ్యండి. చూడకుండా జ్వరం బిళ్ల వేశారో, ఊరుకోను."

వారంలో నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఉప్పునీళ్లు పుక్కిలించేది తిన్నాకా, తినకముందా? గదిలో పూలకుండీ ఉండొచ్చా? ఐదోసారి, "మెత్తటి బ్రష్ ఏ రంగుది కొనాలి?" అన్నాను.

ఆమె పకపకా నవ్వేసింది. "ఇక జ్వరం వస్తేనే ఫోన్. సరేనా?"

నా మొహం మాడిపోయింది.

పదో రోజు మధ్యాహ్నం, బయట వాన. అమ్మ దుప్పట్లో గజగజ వణుకుతోంది. థర్మామీటర్ చూస్తే సరిగ్గా వంద.

"వద్దురా, ఆ అమ్మాయి మళ్లీ నవ్వుతుంది," అంది అమ్మ.

ఫోన్ మీద నా చెయ్యి ఆగిపోయింది. మళ్లీ సాకు అనుకుంటే? కానీ అమ్మ నుదురు కాలిపోతోంది. అనుమానం వచ్చి, గోరువెచ్చని నీళ్లలో ఆ థర్మామీటర్‌నీ, పనిలో ఫ్రిజ్ చల్లదనం కొలిచే నా మీటర్‌నీ పక్కపక్కన ముంచాను. ఇంటిది ఒక డిగ్రీ తక్కువ చూపిస్తోంది! వెంటనే ఆమెకి ఫోన్ కలిపాను.

"థర్మామీటర్ తప్పండీ, అసలు జ్వరం 101. వణుకు కూడా..."

"వణుకొస్తే అంకె కోసం ఆగుతారా! వెంటనే తీసుకురండి."

వెళ్లేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది. గంటలోపు రక్తపరీక్ష చేయించి, యాంటీబయాటిక్ ఎక్కించారు. మూడో రోజుకి అమ్మ లేచి కూర్చుని పేపర్ అడిగింది.

తర్వాతి కీమో రోజున ఆమె మా అమ్మ నోట్లో ఐసు పెట్టి, నా వైపు తిరిగింది. "అమ్మగారు చెప్పారు, ఆ రోజు నేను నవ్వాననేగా ఆగారు? మీరింకా ఆలస్యం చేసుంటే నన్ను నేను క్షమించుకోలేకపోయేదాన్ని. ఇకనుంచి దేనికైనా ఫోన్ చెయ్యండి. బ్రష్ రంగుకైనా సరే."

"ఆ బ్రష్ ముందే కొనేశానండీ."

"మరెందుకు అడిగారు?"

ఎప్పుడూ నేనడిగే 'ఎందుకు' ఈసారి ఆమె అడిగింది. "మీ గొంతు వినాలని. మీరంటే నాకిష్టం."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. మంచం మీద అమ్మ చేతులు ఊపేస్తూ ఏదో చెప్పబోయింది.

"ఐసు తీయకండమ్మా, ఇంకా పది నిమిషాలు!" అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఆ పది నిమిషాలూ వార్డు గడియారం కదిలితే ఒట్టు. ఐసు కరగ్గానే అమ్మ నోరు తెరిచింది.

"మీ అమ్మగారి నంబరు ఇవ్వు తల్లీ. జ్వరం లేకపోయినా నేను ఫోన్ చెయ్యాలి."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత జ్వరం పుస్తకం అందుకుని, చివరి పేజీలో నంబరు రాసింది.