వెండి గనిలో రొట్టె ముక్క

రెఫూజియా బాకా పెల్ గదిలోకి వస్తూనే తలుపు గడియ వేసింది. ఆమె గౌను అంచంతా తెల్లటి ఉప్పు దుమ్ము.

"పొద్దుగూకే లోపల నా మొగుణ్ణి ఉరి తీస్తారయ్యా. గని దూలానికి అప్పుడే తాడు కట్టేశారు," అంది.

ఏమస్ పెల్ ఒకప్పుడు నెవాడా గనుల్లో వెండి నాణ్యం పరీక్షించేవాడు. ఇప్పుడు అవే ఊళ్ళలో నేర పరిశోధకుడు. ఆయన టోపీ అందుకున్నాడు. ఆయన మాటలు పొల్లుపోకుండా రాసిపెట్టే ఐడా లండ్ పుస్తకం తీసుకుని వెనకే నడిచింది. ఆయన చూపు తప్పదని ఆమెకు గట్టి నమ్మకం.

గ్రే మేర్ గని నాలుగో అంతస్తులో నిట్టనిలువుగా తవ్విన గొయ్యి ఉంది. ఆ మధ్యాహ్నం పాస్కో నాన్‌కారో అనే కార్నిష్ జాతి కార్మికుడు అందులో పడి చనిపోయాడు. ఆ అంతస్తులో ఖనిజం బండి తోసే రెఫూజియా మొగుడు ఎల్యుతేరియో బాకా ముందురోజే అతనితో కలబడ్డాడు. అందరికీ ఆ కారణం చాలింది.

గని పైన జనం మూగి ఉన్నారు. బాకాను స్తంభానికి కట్టేశారు. ఎవరో అతని కుడిచేతి వేళ్ళను బూటుతో నలిపేశారు.

"రాళ్ళు పరీక్షించడం అయిపోయిందా పెల్? ఇక శవాలు మొదలెట్టావా?" అని ఒకడు నవ్వాడు.

పాస్కో లాగే కార్నిష్ వాడైన పనివాళ్ళ పెద్ద కెప్టెన్ జేబెజ్ ట్రెంబాత్ నవ్వలేదు. భోజనం డబ్బా చంకలో బిగించుకుని నిలబడ్డాడు. కూతురు లవ్‌డే పక్కనే ఉంది.

"మధ్యాహ్నం మీరెక్కడ తిన్నారు కెప్టెన్ గారూ?" అని పెల్ అడిగాడు.

"ఇక్కడే పైన, యంత్రం గది వెనక. ఎండలో నా పక్కన ఎవడు కూర్చుంటాడు?"

"నాలుగో అంతస్తుకి ఎప్పుడు దిగారు?"

"వారమైంది. మోకాళ్ళ నొప్పి. అక్కడ ఆ మెక్సికో వాడొక్కడే ఉన్నాడు. ఇంకేం కావాలయ్యా నీకు?"

పెల్, ఐడా కొవ్వొత్తులు పట్టుకుని దిగారు. గొయ్యి పక్కన పాస్కో డబ్బా మూత తీయకుండానే ఉంది. తీసి చూస్తే లోపల మాంసం, దుంపలు కూరిన రొట్టె ముట్టుకోకుండా అలాగే ఉంది. కజ్జికాయకు వేసినట్టు దాని అంచుకు మెలికలు వేశారు. అవన్నీ కుడివైపుకు ఒరిగి ఉన్నాయి.

ఎదురుగా రాతి గూటిలో అలాంటి రొట్టె అంచే మరొకటి, వేలెడంత, జాగ్రత్తగా పెట్టి ఉంది. దాని మెలికలు ఎడమవైపుకు ఒరిగాయి.

"గనిదేవతలకు పెట్టింది," అంది ఐడా. రాళ్ళ వెనక తట్టే ఆ చిన్నవాళ్ళకు చివరి ముక్క వదలకుండా ఏ కార్నిష్ వాడూ భోజనం ముగించడు. "ఎప్పటిదో?"

"ఇక్కడి ఎలుకలు తోలు బూట్లనే వదలవు. నిన్నటిదైతే ఇంకా ఉంటుందా?"

పైకి వచ్చేసరికి సూర్యుడు కొండ మీదికి వంగాడు. పెల్ అందరినీ యంత్రం గదిలోకి రమ్మన్నాడు. షెరీఫ్, అంటే ఊరి పోలీసు అధికారి, బాకాను కట్లతోనే తెచ్చాడు. పెల్ నేరుగా కెప్టెన్ కూతురు లవ్‌డే దగ్గరికి వెళ్ళి, గూట్లోని ముక్క చుట్టి తెచ్చిన రుమాలు విప్పాడు.

"అమ్మాయ్, ఇది ఎవరి చేతి మెలికో చెప్పగలవా?"

"దాన్ని ఇందులోకి లాగకు," అన్నాడు ట్రెంబాత్.

"పర్లేదులే నాన్నా." ఆమె మొహం వెలిగింది. "ఇది నాదేనండి. ఊళ్ళో ఎడమచేత్తో చేసేది నేనొక్కదాన్నే. వంకర రొట్టెలని అందరూ వెక్కిరిస్తారు."

"ఎవరెవరికి చేస్తావు?"

"నాన్నకొక్కడికే. ఇవాళ పొద్దున్నే కాల్చి పెట్టాను."

ట్రెంబాత్ డబ్బాను ఇంకా గట్టిగా బిగించాడు.

"ఇది నాలుగో అంతస్తు గూట్లో దొరికింది," అన్నాడు పెల్. "వారంగా దిగలేదన్న మనిషి ఇవాళ అక్కడ కూర్చుని తిన్నాడు. పాస్కో కోసం కాచుకున్నాడు. చివరి ముక్క గూట్లో పెట్టాడు. తర్వాత అతన్ని తోశాడు. ఆ ముక్క తీసెయ్యాలని తోచే ఉంటుంది. కానీ దేవతల తిండి వెనక్కి లాక్కునే ధైర్యం లేదు. మనిషిని చంపడానికి మాత్రం ఉంది. షెరీఫ్, ఆ డబ్బా తియ్యండి. తిండి తినేసిన డబ్బాకి అంత బరువెందుకు?"

అడుగున గుడ్డ కింద నల్లటి వెండి రాళ్ళు రెండు బయటపడ్డాయి.

"రోజూ మీరిలా రెండేసి మోసుకెళ్ళడం పాస్కో చూశాడు. అవునా?"

"చెప్పేస్తానన్నాడు," అన్నాడు ట్రెంబాత్. కూతురి వైపు చూడలేదు.

"మరి నన్నెందుకు?" అని బాకా అడిగాడు.

"నువ్వైతే ఎవడూ అడగడు కాబట్టి," అన్నాడు ట్రెంబాత్.

షెరీఫ్ బాకా కట్లు విప్పి అదే తాడుతో ట్రెంబాత్‌ను కట్టాడు. దూలానికి ఉరితాడు కట్టినవాళ్ళు బాకాకు దారి వదిలారు. నలిగిన ఆ చేయి ఇక బండి తోయలేదు.

"ఆ ముక్క ఎక్కడ దొరికిందో చెప్పకుండానే ఆ పిల్లని అడిగారేం?" అంది ఐడా మెల్లగా. పెల్ టోపీ సర్దుకున్నాడు. ఆమె రాయడం ఆపేసింది.

రెఫూజియా లవ్‌డే ముందుకు వచ్చింది. "నీ నోట నిజం వచ్చింది తల్లీ. నా మొగుడు బతికాడు."

లవ్‌డే ఆమెను చూసింది. "తెలిస్తే చెప్పేదాన్ని కాదు."

"తెలుసు," అంది రెఫూజియా. "నీ చోట ఉంటే నేనైనా చెప్పేదాన్ని కాదు."