ముప్ఫయ్యో సెకను

“లోపల నేనున్నానత్తయ్యా! లైటెందుకు తీసేశారు?”

“ఉన్నానని చెప్పావా? చెప్పనివాళ్ళ లైటు ఆపేస్తా. ఈ ఇంట్లో పద్ధతి అంతే!”

కళ్ళలో సబ్బు నురగతో ఏజెంట్ ‘జల్లెడ’ బాత్రూం చీకట్లో మగ్గు కోసం తడుముకుంది. అత్తగారి లెక్కలో ఆమె ఫోన్ల ల్యాబ్‌లో గుమస్తా. అంతలో సబ్బుపెట్టె అడుగునున్న రిసీవర్ గరగరలాడింది.

“గొడుగు తెచ్చావా?” కోడ్ మాటతో చీఫ్ గొంతు.

“చినుకే లేదు సార్.”

“మధ్యాహ్నం మన మనిషి శత్రువుల డెన్‌లోకి వెళ్తున్నాడు. బయటపడే దారి అతని ఫోన్‌లోనే ఉంది. పదకొండున్నరకి ఆ ఫోన్‌కి వెళ్ళే అప్‌డేట్‌లో ఎవరో విషం కలిపారు. కనిపెట్టు.”

“వెళ్ళేదెవరు సార్?”

“మీ తమ్ముడు.”

సగం స్నానంతోనే ఆమె తువ్వాలు అందుకుంది.

కిటికీల్లేని ల్యాబ్. పదకొండూ ఇరవై. డిస్‌ప్లే విభాగం హెడ్‌ని అందరూ ‘నెమలి’ అంటారు. ఆమె నవ్వుతూ, ఆ అప్‌డేట్ ఎక్కించిన టెస్ట్ ఫోన్ రీస్టార్ట్ చేసింది. స్క్రీన్ దివ్యంగా వెలిగింది.

“పది సెకన్లు చూశాంగా, చాలు. సంతకం పెట్టు.”

అక్కడ ఎవరైనా పది సెకన్లే చూస్తారు. కానీ ఫోన్ ఆపడానికి నెమలి వేలికి ఎందుకంత తొందర?

“ఆపకండి.”

“భయమా?”

“చచ్చేంత.”

ఇరవై. ఇరవై అయిదు. ముప్ఫై. స్క్రీన్ నల్లబడింది.

జల్లెడ ల్యాప్‌టాప్‌లో డివైస్ ట్రీ తెరిచింది. ఏ భాగానికి ఏ రెగ్యులేటర్ కరెంటివ్వాలో చెప్పే ఫైల్ అది. స్క్రీన్ ప్యానెల్ దగ్గర 1.8 వోల్టుల రెగ్యులేటర్ లైనే లేదు! ఫోన్ మొదలయ్యేటప్పుడు ఆ రెగ్యులేటర్ వెలిగే ఉంటుంది. ముప్ఫై సెకన్లయ్యాక, ‘నాకు కావాలి’ అని ఎవరూ చెప్పని రెగ్యులేటర్లన్నిటినీ ఫోన్‌ని నడిపే కెర్నల్ ఆపేస్తుంది.

అచ్చం అత్తయ్యలాగే.

మెడకి చల్లగా ఏదో తగిలింది. నెమలి లిప్‌స్టిక్. కొసన సూది.

“కదిలావో, మత్తులోనే పోతావు. ఇంకో మూడు నిమిషాలు నోరు మూసుకో.”

జల్లెడ ఒక చేత్తో ల్యాప్‌టాప్ మూసి, మోచేత్తో గోడమీది స్విచ్ కొట్టింది. చిమ్మచీకటి. తడుముకోవడం పొద్దున్నే ప్రాక్టీసయింది. మణికట్టు దొరకబుచ్చుకుని వెనక్కి తిప్పింది. సూది నెమలి భుజంలోనే దిగింది, ఆమె కుప్పకూలింది.

లైటు వేసి, ల్యాప్‌టాప్ తెరిచి, లేని ఆ ఒక్క లైనూ టైప్ చేసింది. బిల్డ్. పదకొండూ ఇరవై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లు. పంపేసింది. తర్వాత టెస్ట్ ఫోన్‌లోనూ అదే ఎక్కించి లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది... ముప్ఫై... ముప్ఫై ఒకటి.

వెలుగుతూనే ఉంది. అప్పుడు ఏడ్చింది.

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు మూడోసారి వడ్డించుకున్నాడు.

“ఏం బాబూ, మొహం అలా పీక్కుపోయింది?” అన్నారు అత్తగారు.

“ఎండలో తిరిగానత్తయ్యా,” అంటూ మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళాడు.

జల్లెడ గరిటె కింద పెట్టింది. “అత్తయ్యా, రేపట్నుంచి ఏ గదిలోకెళ్ళినా చెప్పే వెళ్తాను. చెప్పకపోతే లైటు ఆపేయండి. మీ పద్ధతే రైటు.”

“ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది,” అంటూ అత్తగారు సంతోషంగా లేచి వంటింటి లైటు ఆపేశారు.

“అక్కా!” లోపల్నుంచి కేక. శత్రువుల డెన్‌లో కూడా వాడు అంతలా అరవలేదట.